అమ్మ వేలిముద్ర

ఆధార్ సెంటర్లో కుర్రాడు నాలుగోసారి అన్నాడు. "అమ్మా, వేలు కొంచెం గట్టిగా ఒత్తండి."

అమ్మ ఒత్తింది. మెషిన్ మళ్లీ తీసుకోలేదు. కుడి చెయ్యి అయింది, ఎడమ చెయ్యి అయింది, రెండు బొటనవేళ్లూ అయ్యాయి. తడిగుడ్డ ఇచ్చి తుడుచుకోమన్నాడు. అమ్మ తుడుచుకుని, చూపుడువేలిని ఒకసారి తలకు రుద్దుకుని మళ్లీ పెట్టింది. ఊహూఁ.

"గీతలు అరిగిపోయాయండీ. ఏం పని చేస్తారు?" అన్నాడు. వెటకారమేం లేదు, మామూలుగానే అడిగాడు.

అమ్మ రెండు చేతులూ కొంగులో పెట్టేసుకుంది. "ఇంటి పనే అయ్యా" అంది.

వెనకాల లైన్లో పదిమంది ఉన్నారు. నేనూ నోరు మెదపలేదు. చివరికి కళ్లు స్కాన్ చేసి ఎలాగో పని కానిచ్చాడు. ఆటోలో వస్తుంటే అడిగాను, "ఇంటి పని అని ఎందుకు చెప్పావు?" అని. "నువ్వు పక్కనున్నవ్ గద బిడ్డా" అంది.

మా అమ్మ హైటెక్ సిటీలో ఒక ఐటీ బిల్డింగులో 2014 జూన్ నుంచి 2024 మార్చి దాకా హౌస్ కీపింగ్ చేసింది. నేను సాఫ్ట్‌వేర్ ఇంజినీర్ని. ఈ రెండు మాటలూ పక్కపక్కన రాయడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది. ఇంజినీరింగ్‌లో చేరేటప్పుడు అప్లికేషన్‌లో 'తల్లి వృత్తి' దగ్గర 'ప్రైవేట్ ఉద్యోగం' అని రాశాను. ఫ్రెండ్స్ అడిగితే "అమ్మ ఐటీ కంపెనీలో చేస్తుంది" అనేదాన్ని. అబద్ధం కాదు. నిజం కూడా కాదు. ఫీజు రీయింబర్స్‌మెంట్ పోగా మిగిలిన ఫీజు, బస్ పాస్, రికార్డులు, ల్యాప్‌టాప్ ఈఎంఐ, అన్నీ ఆ 'ప్రైవేట్ ఉద్యోగం' జీతంలోంచే వచ్చాయి. నాన్నకు సెంట్రింగ్ పనిలో నడుం దెబ్బతిన్నాక ఇంట్లో నెలనెలా వచ్చే డబ్బు అదొక్కటే.

క్లీనింగ్ పని అంటే మురికి పని కాబట్టి కష్టం అని నేనూ అనుకునేదాన్ని. అమ్మ పీఎఫ్ తీద్దామని కూర్చున్నాకే తెలిసింది, మురికి అందులో చాలా చిన్న భాగమని.

నేనెక్కడ మానేసిన?

2024 మార్చిలో ఆ బిల్డింగు కాంట్రాక్టు కొత్త ఏజెన్సీకి వెళ్లింది. 50 దాటినవాళ్లను కొత్తవాళ్లు తీసుకోలేదు. అమ్మకు అప్పటికి 52. ఒక శుక్రవారం సాయంత్రం ఐడీ కార్డు తీసుకుని పంపేశారు.

సరే, పీఎఫ్ అయినా తీద్దాం అనుకున్నాను. ఆదివారం అరగంట పని అనుకుని ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నాను. తీరా చూస్తే అమ్మ పేరు మీద రెండు యూఏఎన్ నంబర్లు, నాలుగు పీఎఫ్ ఖాతాలు. ఒకచోట పేరు చివర 'అమ్మ' ఉంది, ఇంకోచోట లేదు. ఒకచోట పుట్టిన తేదీ జనవరి 1. ఆధార్‌కు లింకైన ఫోన్ నంబరు ఎప్పుడో ఆగిపోయింది, కాబట్టి ఓటీపీ రాదు. అందుకే ఆ ఆధార్ సెంటర్ ప్రయాణం.

"అమ్మా, మొదటి కంపెనీలో ఎప్పుడు మానేశావు?"

"మొదటి కంపెనీ ఏందే? నేనెక్కడ మానేసిన? గదే బిల్డింగు, గదే ఆరో ఫ్లోరు. చొక్కా రంగు మారింది, అంతే."

తర్వాత వేళ్ల మీద లెక్కపెట్టింది. నీలం చొక్కా, మెరూన్ చొక్కా, బూడిద రంగు చొక్కా, ఆకుపచ్చ చొక్కా. నాలుగు రంగులు, నాలుగు ఏజెన్సీలు. 2014 నుంచి 2017, 2017 నుంచి 2019, 2019 నుంచి 2022, 2022 నుంచి 2024. బిల్డింగు మారలేదు, బకెట్ మారలేదు, సూపర్‌వైజర్ కూడా చాలాకాలం మారలేదు. కాగితం మీద మాత్రం అమ్మ నాలుగు ఉద్యోగాలు మారిన మనిషి.

దీనివల్ల ఏమవుతుందో చెప్తాను. అప్పట్లో అమల్లో ఉన్న 1972 నాటి గ్రాట్యుటీ చట్టం ప్రకారం ఒక యజమాని దగ్గర అయిదేళ్లు వరుసగా పనిచేస్తే, వెళ్లిపోయేటప్పుడు ఏడాదికి 15 రోజుల జీతం చొప్పున లెక్కగట్టి ఇవ్వాల్సి ఉండేది. అమ్మ ఒకే ఫ్లోరు దాదాపు పదేళ్లు తుడిచింది. కానీ ఏ ఒక్క ఏజెన్సీలోనూ అయిదేళ్లు నిండలేదు. ఆఖరి ఏజెన్సీకి ఫోన్ చేస్తే "మా దగ్గర రెండేళ్లే కదా మేడం" అన్నారు. ఎవరి లెక్క వాళ్లకు కరెక్టే. అన్నీ కలిపితే అమ్మకు సున్నా.

నేను జాబ్ మారితే రిలీవింగ్ లెటర్, ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్, ఫేర్‌వెల్ కేకు. అమ్మకు తను జాబ్ మారినట్టు కూడా తెలియదు.

నంబర్లతో గుర్తుపెట్టుకున్న మందులు

ఆ తర్వాత ప్రతి ఆదివారం ఇదే పని. నేను పోర్టల్ తెరిచి ఒక్కో నెలా అడగడం, అమ్మ గుర్తు తెచ్చుకుని చెప్పడం. తారీఖులు అడిగితే అమ్మకు తారీఖులు గుర్తురావు, సంగతులు గుర్తొస్తాయి. అలా పదేళ్ల విషయాలు నాకు ముక్కలు ముక్కలుగా తెలిశాయి.

అమ్మకు ఇంగ్లిష్ చదవడం రాదు. కానీ ఆర్-1 అంటే బాత్రూమ్, ఆర్-2 అంటే ఫ్లోరు, ఆర్-3 అద్దాలు, ఆర్-4 ఫర్నిచర్ పాలిష్, ఆర్-5 సెంటు, ఆర్-6 కమోడ్. హౌస్ కీపింగ్‌లో ఉన్నవాళ్లందరికీ ఈ నంబర్లు కంఠస్థం. ఎర్ర గుడ్డ టాయిలెట్‌కే వాడాలి, దాంతో టేబుల్ ముట్టుకోకూడదు. అద్దం పైనుంచి కిందికి తుడవాలి. మాప్‌ను వెనక్కి నడుస్తూ వెయ్యాలి, లేకపోతే మన అడుగులే పడతాయి. ఇదంతా వింటుంటే నాకు సిగ్గేసింది. దీన్నేనా మనం 'స్కిల్ లేని పని' అంటాం?

గ్లౌజులు ఇచ్చేవాళ్లు, నెలకు ఒక జత. అదీ మగవాళ్ల సైజు. వేళ్ల చివర్లు వదులుగా ఉంటాయి, గుడ్డ పట్టు దొరకదు. వారానికే చిరుగుతాయి. చిరిగిన గ్లౌజులోకి నీళ్లూ మందూ దిగితే, అసలు గ్లౌజు లేకపోవడమే నయం. చెయ్యి రోజంతా ఆ మందు నీళ్లలోనే నానుతుంది. సాయంత్రానికి వేళ్లు తెల్లగా పాలిపోయి, చలికాలంలో పగిలి నెత్తురొచ్చేది. ఇంట్లో పచ్చిపులుసు చేస్తూ చింతపండు పిసకమంటే నన్ను పిలిచేది. "నాకు పని చెప్పడానికే" అనుకుని విసుక్కునేదాన్ని.

అసలు ఇబ్బంది పొద్దున గేటు దగ్గరే మొదలయ్యేది. హాజరు వేలిముద్రతో. అరిగిన వేలు మెషిన్‌కు తెలియదు. ఆరింటికి షిఫ్ట్ అయితే అయిదూ ముప్పావుకే వెళ్లి లైన్లో నిలబడి, వేలు తలకు రుద్దుకుని, ఆ కాస్త నూనె జిడ్డుతో అయినా పడుతుందేమో అని ప్రయత్నం. నాలుగుసార్లు పడకపోతే వెనక్కి జరగాలి. మళ్లీ వంతు వచ్చేసరికి ఆరూ పది. ఆలస్యం కింద రాస్తారు. నెలలో మూడు ఆలస్యాలైతే సగం రోజు జీతం కట్. ఏ పనివల్ల వేలిముద్ర పోయిందో, ఆ పనికి వచ్చినట్టు రుజువు చెయ్యడానికి అదే వేలిముద్ర కావాలి.

ఒకసారి స్టోర్‌లో ఆర్-6 అయిపోతే బ్లీచింగ్ పౌడరూ యాసిడ్ సీసా ఇచ్చారట. మరక వదలడం లేదని, అమ్మతో పాటు పనిచేసే ఆమె రెండూ కలిపి పోసింది. పచ్చటి పొగ, గొంతు పట్టేసింది, ఇద్దరూ దగ్గుతూ బయట పడ్డారు. సూపర్‌వైజర్ చెరో గ్లాసు పాలు తాగించి మళ్లీ పనికి పంపాడు. ఇంటర్‌లో కెమిస్ట్రీ చదివిన ఎవరికైనా తెలుసు, బ్లీచింగ్‌కు యాసిడ్ కలిస్తే క్లోరిన్ గ్యాస్ వస్తుంది. 1915లో, మొదటి ప్రపంచ యుద్ధంలో, బెల్జియంలో సైనికుల మీదికి వదిలిన గ్యాస్ అదే. నేను ఆ రియాక్షన్‌ను పరీక్షలో బ్యాలెన్స్ చేసి మార్కులు తెచ్చుకున్నాను. అమ్మకు మాత్రం ఒక్కరూ చెప్పలేదు. నేను కూడా.

24 టాయిలెట్లు, తనకు ఒక్కటీ లేదు

రెండు ఫ్లోర్లు, నాలుగు లేడీస్ వాష్‌రూములు, మొత్తం 24 సీట్లు. గంటకోసారి రౌండు వేసి తలుపు వెనకున్న చెక్‌లిస్టులో సంతకం పెట్టాలి. అన్నింటికంటే బాధ పెట్టేది ఏమిటని అడిగితే, వాసన అనో, చూడకూడనివి చూడాల్సి రావడం అనో చెప్తుందనుకున్నాను. అమ్మ చెప్పింది వేరే. "గవన్నీ మేం కడగాలె గానీ, మేం పోవద్దు."

హౌస్ కీపింగ్ వాళ్లకు టాయిలెట్ మూడో బేస్‌మెంట్‌లో, పార్కింగ్ పక్కన. సర్వీస్ లిఫ్ట్‌లోనే వెళ్లాలి. అది సామాన్లతో, క్యాంటీన్ ట్రాలీలతో ఎప్పుడూ నిండుగా ఉంటుంది. వెళ్లి రావడానికి పావుగంట. ఆ పావుగంటలో ఫ్లోర్ మీద ఎవరైనా కాఫీ ఒలకబోస్తే "ఎక్కడికి పోయినవ్?" అని వాకీటాకీలో అరుపు. అందుకని అందరూ కనిపెట్టిన ఉపాయం ఒక్కటే: నీళ్లు తాగకపోవడం. పొద్దున ఇంట్లో ఒక గ్లాసు చాయ్, మధ్యాహ్నం అన్నంతో రెండు గుక్కలు. అమ్మకు రెండుసార్లు యూరిన్ ఇన్ఫెక్షన్ వచ్చింది. డాక్టర్ "నీళ్లు బాగా తాగాలమ్మా" అని రాసిచ్చాడు. నేను బాటిల్ కొనిచ్చి నా బాధ్యత అయిపోయిందనుకున్నాను. నెలసరి రోజుల్లో ఇదే పని ఇంకెలా ఉంటుందో అమ్మాయిలకు నేను విడమరిచి చెప్పక్కర్లేదు.

కాంట్రాక్టు కార్మికులకు తాగునీరు, మరుగుదొడ్డి, చేతులు కడుక్కునే చోటు ఇవ్వాలని 1970లో వచ్చిన కాంట్రాక్ట్ లేబర్ చట్టమే చెప్పింది. కాంట్రాక్టర్ ఇవ్వకపోతే పని చేయించుకునే కంపెనీయే ఇవ్వాలని కూడా చెప్పింది. బేస్‌మెంట్‌లో ఒకటి కట్టి చూపిస్తే కాగితం మీద లెక్క సరిపోతుంది. ఆరో ఫ్లోర్ నుంచి అక్కడికి ఎంతసేపు పడుతుందో కాగితం మీద ఎక్కడా ఉండదు.

కూర్చోవడమూ అంతే. షిఫ్ట్ ఎనిమిదిన్నర గంటలు. ఫ్లోర్ మీద కుర్చీలు వందల్లో ఉంటాయి. హౌస్ కీపింగ్ వాళ్లు కూర్చున్నట్టు కెమెరాలో కనపడితే మెమో. అమ్మ, మిగతావాళ్లు మాప్‌లూ బకెట్లూ పెట్టే చిన్న గదిలో బకెట్ బోర్లించి కూర్చునేవాళ్లు, ఒకరి తర్వాత ఒకరు, అయిదేసి నిమిషాలు. అన్నం కూడా అక్కడే, ఆర్-5 వాసనలో. కేరళలో బట్టల షాపుల్లో పనిచేసే ఆడవాళ్లు 'కూర్చునే హక్కు' కోసం ఏళ్ల తరబడి పోరాడితే, 2018లో అక్కడ చట్టం మార్చారు. 2021లో తమిళనాడూ చేసింది. కూర్చోవడానికి చట్టం కావాలా అని మొదటిసారి చదివినప్పుడు నవ్వొచ్చింది నాకు. ఇప్పుడు అమ్మ మెట్లు ఎక్కుతూ మోకాలు పట్టుకుంటే నవ్వు రావట్లేదు.

ఎవరూ చూడని మనిషి అన్నీ చూస్తుంది

"యూనిఫాం వేసుకుంటే మనం కనపడం బిడ్డా" అంటుంది అమ్మ. తడి ఫ్లోర్ మీద పసుపు బోర్డు పెట్టినా, ఫోన్ చూస్తూ దాని మీదుగానే నడిచి వెళ్తారు. తుడిచిందే మళ్లీ తుడవాలి. ఆమె పక్కనే ఉండగా జీతాల గురించి, తగాదాల గురించి, అబార్షన్ల గురించి కూడా మాట్లాడేసుకుంటారు.

ఏదైనా పోయినప్పుడు మాత్రం అందరికీ కనపడుతుంది. ఒకమ్మాయి ఇయర్‌బడ్స్ పోయాయి. అమ్మనూ ఇంకో ఇద్దరినీ సెక్యూరిటీ గదిలో రెండు గంటలు నిలబెట్టారు. సంచి తీసి దులిపారు, టిఫిన్ డబ్బా తెరిపించారు. మర్నాడు సోఫా సందులో దొరికాయి. దొరికినట్టు కూడా వీళ్లకు వేరేవాళ్లు చెప్తే తెలిసింది. ఆ రోజు అమ్మ ఇంటికొచ్చి తలనొప్పి అని పడుకుంది. నాకు సెమిస్టర్ పరీక్షలు. మ్యాగీ చేసుకుని తిన్నాను.

2023 మొదట్లో ఐటీలో లేఆఫ్‌లు నడుస్తున్నప్పటి సంగతి ఒకటి చెప్పింది. ఆ నెలల్లో రోజూ ఎవరో ఒక అమ్మాయి వాష్‌రూమ్‌లో కొళాయి తిప్పేసి ఏడ్చేదట. "లోపలికి పోయి ఏమైందని అడగలేం. టిష్యూ కట్ట తలుపు కిందికెళ్లి జరిపేదాన్ని. కొందరు తీసుకునేటోళ్లు. బయటికొచ్చినంక మాత్రం నన్ను చూడకుండ పోయేటోళ్లు." కాసేపాగి అడిగింది, "నువ్వు గూడ ఏడ్చినవా అప్పుడు?"

ఏడ్చాను. మా టీమ్‌లో సగం మందిని తీసేసిన రోజు, మా ఆఫీసు వాష్‌రూమ్‌లో. అప్పుడు బయట మాప్ పట్టుకుని ఒకావిడ నిలబడి ఉంది. ఆమె ముఖం నాకు గుర్తులేదు.

ఎర్ర ముఖం నొక్కింది నేనే

మా ఆఫీసు వాష్‌రూమ్ బయట చిన్న ట్యాబ్ ఉంటుంది. ఆకుపచ్చ నవ్వు ముఖం, పసుపు ముఖం, ఎర్ర ముఖం. ఒకరోజు మీటింగ్‌లో చీవాట్లు తిని వచ్చాను. లోపల టిష్యూ లేదు. వస్తూ వస్తూ ఎర్ర ముఖం నొక్కాను, రెండుసార్లు. అంతటితో మర్చిపోయాను.

మర్నాడు హౌస్ కీపింగ్ అక్క ఎవరితోనో ఫోన్లో చెప్తోంది, "నిన్న ఎర్రవి పడ్డయంట, సంతకం పెట్టించుకున్నరు" అని. స్టోర్‌లో టిష్యూ స్టాకే రాలేదట. నేను చేతులు కడుక్కుని వచ్చేశాను.

ఈ సంగతి ఒక ఆదివారం అమ్మకు చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అంది, "మా తాన మూడు ఎర్రవి పడితే రెండు వందలు కోసేటోళ్లు. మీకు బటన్ ఇచ్చిన్రు. మాకియ్యలే."

మా పనిలో ఒక పద్ధతి ఉంది. సర్వర్ పడిపోయి కోట్ల నష్టం వచ్చినా, తర్వాత మీటింగ్‌లో 'ఎవరి తప్పు' అని అడగరు. 'బ్లేమ్‌లెస్ పోస్ట్‌మార్టం' అంటారు. మనిషిని కాదు, వ్యవస్థలో ఎక్కడ లోపం ఉందో చూడాలి అంటారు. నేను ఒకసారి తప్పు స్క్రిప్ట్ నడిపి రెండు గంటలు సర్వీసు ఆపేశాను. నా జీతంలో రూపాయి కట్ కాలేదు. పైగా 'మంచి లెర్నింగ్' అన్నారు. అదే బిల్డింగులో, అదే ఫ్లోర్‌లో, టిష్యూ లేనందుకు ఒకావిడ సంతకం పెట్టింది. మా ట్యాబ్‌లో 'స్టాక్ రాలేదు' అనే బటన్ లేదు. అలాంటి ట్యాబ్‌లకు కోడ్ రాసేది మనలాంటివాళ్లమే. రాసేటప్పుడు ఆ అక్కను ఎవరైనా అడిగి ఉంటారా?

బియ్యం డబ్బాలో కవరు

పీఎఫ్ సంగతికొస్తాను. పేరు, పుట్టిన తేదీ సరిచేయించి, రెండు యూఏఎన్‌లు ఒకటి చేయించేసరికి నాలుగు నెలలు పట్టింది. అప్పుడు పాస్‌బుక్‌లో అసలు రంధ్రం కనపడింది. మెరూన్ చొక్కా ఏజెన్సీ కాలంలో 14 నెలల డబ్బు జమ కాలేదు. జీతంలో కోసుకున్నారు, కట్టలేదు. లాక్‌డౌన్‌లో 2020 ఏప్రిల్, మే నెలలు ఎలాగూ పని లేదు, జీతం లేదు. జూన్‌లో పిలిచారు. నేను ఇంట్లో మంచం మీద కూర్చుని వర్క్ ఫ్రమ్ హోమ్ చేస్తుంటే, అమ్మ బోరబండ నుంచి నడిచి వెళ్లి, ఎవరూ రాని ఆఫీసుకు హైపోక్లోరైట్ కొట్టి వచ్చేది.

14 నెలలు అంత ముఖ్యమా అంటే, అవును. పదేళ్ల సర్వీసు ఉంటే 58 ఏళ్లు నిండాక ఈపీఎస్ కింద నెలనెలా పెన్షన్ వస్తుంది. తొమ్మిదిన్నర ఏళ్లు దాటితే పదేళ్ల కిందే లెక్క. అమ్మ పనిచేసింది 118 నెలలు. లాక్‌డౌన్ రెండు నెలలు తీసేస్తే 116. ఆ 14 కూడా పోతే 102, అంటే ఎనిమిదిన్నర ఏళ్లే. పెన్షన్ గీత ఇవతలే ఆగిపోతుంది.

"కట్ చేసినట్టు రుజువు ఉందా?" అని అడిగారు పీఎఫ్ ఆఫీసులో. నేను తల పట్టుకున్నాను. 2018 నాటి పే స్లిప్పులు ఇప్పుడెక్కడ దొరుకుతాయి?

ఇంటికొచ్చి చెప్తే అమ్మ లేచి వెళ్లి, బియ్యం డబ్బా మూత తీసి, అడుగు నుంచి ఒక ప్లాస్టిక్ కవరు లాగింది. పదేళ్ల పే స్లిప్పులు, ఒక్కటి కూడా తప్పకుండా. మడతల మీద అక్షరాలు చెరిగాయి గానీ, 'పీఎఫ్' అన్న గడిలో అంకె కనపడుతోంది. "చదవరాదు గద, అందుకే దాచిపెట్టిన. చదవొచ్చినోళ్లు అడిగితే సూపెట్టొచ్చని" అంది.

ఆ చదవొచ్చినదాన్ని నేను. పదేళ్లూ ఆ ఇంట్లోనే ఉన్నాను. ఒక్కసారీ అడగలేదు.

స్లిప్పులన్నీ స్కాన్ చేసి ఫిర్యాదు పెట్టాను. కాంట్రాక్టర్ కట్టకపోతే పీఎఫ్ బాధ్యత పని చేయించుకున్న కంపెనీ మీద కూడా ఉంటుందని చట్టం చదివాకే తెలిసింది. ఆ మాట రాసి ఇంకో ఉత్తరం పెట్టాను. పోయిన నెల 14లో 8 నెలల డబ్బు పాస్‌బుక్‌లో పడింది. ఇప్పుడు 110. ఇంకో నాలుగు నెలలు పడితే తొమ్మిదిన్నర ఏళ్లు. ప్రతి ఆదివారం చాయ్ ఇస్తూ "పడ్డయా?" అంటుంది అమ్మ. "ఇంకా లేదమ్మా" అంటాను. కనీస పెన్షన్ నెలకు 1,000 రూపాయలు. నేను ఒక వీకెండ్ ఫుడ్ ఆర్డర్లకు పెట్టేంత. "నేను ఇస్తాను కదా, ఎందుకింత తాపత్రయం?" అని ఒకసారి అనేశాను. "నువ్విచ్చేది నీది. గది నాది" అంది.

ఒక్క లంచ్ బ్రేక్

ఇది చదివి మీ ఆఫీసులో హౌస్ కీపింగ్ అక్కకు నమస్తే పెట్టండి, పండక్కి స్వీట్ బాక్స్ ఇవ్వండి అని చెప్పను. చెయ్యండి, మంచిదే. కానీ మనం చెయ్యగలిగిన పని ఇంకొకటి ఉంది. అది మనకు బాగా వచ్చిన పని.

పోయిన బుధవారం మా ఫ్లోర్ అక్క దగ్గరికి వెళ్లి పేరు అడిగాను. మూడేళ్లలో మొదటిసారి. ఆ ఎర్ర ముఖం నొక్కింది నేనే అని చెప్పాను. "ఎన్నో పడ్తయ్ మేడం, ఏది ఎవరిదో మాకేం తెలుస్తది" అని నవ్వేసింది. లంచ్ బ్రేక్‌లో ఆమె ఫోన్లో ఉమాంగ్ యాప్ వేసి, పీఎఫ్ పాస్‌బుక్ తెరిచి, ఒక్కో నెలా చదివి వినిపించాను. ఆమెవి మూడు నెలలు లేవు. ఈఎస్ఐలో భర్త పేరు తప్పుంది. పుట్టిన తేదీ జనవరి 1.

పే స్లిప్పులు ఉన్నాయా అంటే "పారేసిన మేడం, ఏం చేస్కుంట" అంది. ఇకనుంచి నెలనెలా ఫోన్‌తో ఫొటో తీసి పెట్టుకోమని చెప్పాను. హెచ్ఆర్‌కు ఒక మెయిల్ రాశాను, రెండు సంగతులతో: మా ఫ్లోర్ వాష్‌రూమ్ వాళ్లు కూడా వాడుకోవాలి, స్టోర్ గదిలో రెండు కుర్చీలు వెయ్యాలి. కుర్చీలు వచ్చాయి. వాష్‌రూమ్ గురించి 'ఫెసిలిటీస్ టీమ్‌తో మాట్లాడి చెప్తాం' అన్నారు. వచ్చే వారం మళ్లీ అడుగుతాను.

సాయంత్రం ఇంటికొచ్చి ఇదంతా చెప్తే అమ్మ మొదట అడిగింది, "మీ అమ్మ గూడ గదే పని చేసిందని చెప్పినవా ఆమెకు?"

"చెప్పాను."

"ఏమన్నది?"

"'ఏ బిల్డింగు?' అని అడిగింది. చెప్తే, ఆమె చెల్లెలు కూడా అక్కడే చేసిందట, ఎనిమిదో ఫ్లోర్‌లో. నువ్వు ఆమెకు తెలుసేమో కనుక్కుంటానంది."

అమ్మ చేతులు కొంగుకు తుడుచుకుని ఫోన్ తీసింది. వేలితో తెరుచుకోదు కాబట్టి తన ఫోన్‌కు ప్యాటర్న్ పెట్టుకుంది. గీత గీసి తెరిచి, నా చేతికిచ్చింది. "నంబర్ ఎక్కియ్యి ఇందుల. ఆకుపచ్చ చొక్కా అప్పటి ఆమేనేమో, మాట్లాడతా."